పండు కాగితాలు

రిసాలి, భిలాయి
1 సెప్టెంబరు 2024, ఆదివారం

భాగ్యకి, వదిన దీవించి రాస్తున్న ఉత్తరం.

ఫోను చేస్తే అక్కడ నువ్వు ఏడుస్తావు, ఇక్కడ నేను ఏడుస్తాను, మాటలు మాత్రం సాగవు. అందుకని కాగితం మీద రాయమన్నావు, రాస్తున్నాను. పక్క క్వార్టరు ఛాయ దీదీ కూతురు నీలిమ దీన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది. దానికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఏం రాసినా భయం లేదు.

మీ అన్నయ్య పోయి రేపటికి మూడు నెలలు. స్టీల్ ప్లాంటువాళ్ళు క్వార్టరు మార్చి నెలాఖరు దాకా ఉంచుకోమన్నారు. పిల్లాజెల్లా లేనిదాన్ని, నాకు రెండు గదులు చాలు. నెహ్రూ నగర్‌లో మేడ మీద ఒక వాటా చూశాను. గాలి, వెలుతురు బాగున్నాయి. ఇంటావిడ అన్నీ ఒప్పుకుంది గానీ, కుక్క మాట ఎత్తగానే "కుత్తా నహీ చలేగా" అనేసింది.

పండు సంగతి ఏం చెప్పను. నాలుగేళ్ళ కిందట ప్లాంటు మరోడా గేటు దగ్గర మీ అన్నయ్య టిఫిను డబ్బా వెనకాలే నడిచొచ్చిన వీధికుక్క పిల్ల, ఇప్పుడు చూస్తే నా మీద అధికారం చేస్తోంది. వానకి తడిసొచ్చి మంచమెక్కుతాడు. మీ అన్నయ్య సేఫ్టీ బూట్లు అటక మీద పెడితే కింద నిలబడి మొరుగుతాడు. దించి పెడితే వాటి మీద తల పెట్టి పడుకుంటాడు. రోజూ మధ్యాహ్నం రెండుంపావుకి ఎక్కడున్నా లేచి గేటు దగ్గరికి పోతాడు. మీ అన్నయ్య ఎ-షిఫ్టు దిగి వచ్చే వేళ అది. "ఆయన మరి రార్రా నాయనా, లోపలికి రా" అంటే వినడు. మూడయ్యేదాకా అక్కడే కూచుంటాడు. వీడితో నా ప్రాణం విసిగిపోయింది.

వేళకి తిను. రాత్రి డ్యూటీ చేసొచ్చి టీతో సరిపెట్టకు.

మీ వదిన,
సీతాలక్ష్మి


లైప్‌జిగ్, జర్మనీ
15 సెప్టెంబరు 2024

వదినా, నమస్కారం.

నీ ఉత్తరం డ్యూటీ నుంచి వచ్చి రెండుసార్లు చదివాను. నా వార్డులోని ముసలివాళ్ళు, నర్సమ్మ ముఖం ఏమిటి ఇలా ఉందని మర్నాడు అడిగారు.

ఒక మాట అడుగుతాను, కాదనకు. పండుని నాకు ఇచ్చెయ్. అన్నయ్య చేతి ముద్ద తిన్న ప్రాణి, ఎవరి ఇంటికో పంపడం ఎందుకు? నువ్వే తీసుకొని రా. విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలు నా దగ్గర ఉండు, విశ్రాంతిగా ఉంటుంది. తిరిగి వెళ్ళాక నెహ్రూ నగర్ ఇంట్లో హాయిగా ఉండొచ్చు.

కుక్కకి కూడా మనిషికున్నన్ని కాగితాలు కావాలి, కనుక్కున్నాను. మెడ దగ్గర చర్మం కింద చిన్న చిప్పు పెట్టించాలి, దానికి పదిహేను అంకెల నంబరు ఉంటుంది. చిప్పు పెట్టాకే రేబిస్ టీకా వేయించాలి. ముందు టీకా వేసి తర్వాత చిప్పు పెడితే ఆ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసి ముప్ఫై రోజులు ఆగి, అది పట్టిందో లేదో చూడటానికి రక్తం తీసి, ఇక్కడివాళ్ళు గుర్తించిన ల్యాబుకి పంపాలి. పాసైతే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ప్రయాణానికి పది రోజుల ముందు ఆరోగ్య పత్రం రాయించి, ప్రభుత్వ డాక్టరు ముద్ర వేయించాలి. యజమాని కూడా వాడితోపాటే, లేదంటే ఐదు రోజుల తేడాలో ప్రయాణం చేయాలి. ఇప్పుడు మొదలుపెడితే మార్చికి సరిగ్గా సరిపోతుంది.

నీకు భారం తగ్గాలని నా కోరిక. మొహమాటపడకు వదినా.

నీ ఆడపడుచు,
భాగ్యరేఖ


రిసాలి
6 అక్టోబరు 2024

భాగ్యకి దీవెనలు.

నువ్వు అడిగావు. మీ అన్నయ్య గుర్తుగా నీకు వేరే ఏముంది? ఆస్తి లేదు, ఫొటోలు తప్ప. అందుకని నేను ఆలోచించలేదు, సరే అనేశాను.

గురువారం పండుని డాక్టర్ శ్యామసుందర్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఆటోవాడు కుక్కని ఎక్కించుకోనన్నాడు. ఛాయ దీదీ వాడితో ఛత్తీస్‌గఢీలో ఏదో అంది, నోరు మూసుకుని ఎక్కించుకున్నాడు. ముందు చిప్పు, తర్వాత టీకా, నువ్వు చెప్పిన వరసలోనే. సూది చూడగానే పండు నా కొంగులో తల దూర్చేశాడు. ఇంటికొచ్చాక నా మీద అలిగి అన్నం ముట్టలేదు. పెరుగు కలిపితే మాత్రం తిన్నాడు, ఆత్మాభిమానం అంతవరకే.

కాగితాలన్నీ జాగ్రత్తగా నింపాను, నువ్వు బెంగపడకు. చిప్పు ఫారంలోనూ టీకా పుస్తకంలోనూ యజమాని అన్నచోట 'ఎస్. గురునాథరావు, కోక్ ఓవెన్స్' అని రాసి, పక్కన ప్లాంటు పర్సనల్ నంబరు కూడా వేశాను. నంబరు లేకపోతే తర్వాత ఏ కౌంటరు దగ్గర తిప్పి పంపుతారో అని. డాక్టరు గారు ఒకసారి నా ముఖంలోకి చూసి, ముద్ర వేసేశారు.

అక్కడ మంచు పడుతుందంటున్నారు. మన పండుకి ఒంటి మీద బొచ్చు తక్కువ. మీ అన్నయ్యకి కంపెనీ ఇచ్చిన చలికోటు ఒకటుంది, దాన్ని కత్తిరించి వాడికి కోటు కుడుతున్నాను. మీ ఇంట్లో నేల కూడా చల్లగా ఉంటుందేమో. మూడేళ్ళ కిందట వచ్చినప్పుడు నువ్వు ఉన్నన్నాళ్ళూ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకునే కూచున్నావు. రిసాలి నేల చలికే అలాగైతే అక్కడ ఎలా ఉంటున్నావో ఏటో.

వదిన


లైప్‌జిగ్
27 అక్టోబరు 2024

వదినా,

పండు అలకా పెరుగన్నమూ చదివి నవ్వుకున్నాను, చాలా రోజుల తర్వాత.

నేను ఇల్లు మారాను. ఇదివరకటిది నాలుగో అంతస్తు, అందులో కుక్కలకి అనుమతి లేదు. ఇది కింది వాటా, వెనక చిన్న గడ్డినేల ఉంది. ఇంటి యజమాని కుక్క ఫొటో అడిగితే చూపించాను, ఇది ఏ జాతి అన్నాడు. భిలాయి జాతి అని చెప్పాను. రాసుకున్నాడు.

ఆదివారాలు ఒకచోటికి వెళ్తున్నాను. అదేమిటో నువ్వు వచ్చాక చెబుతాను, ఇప్పుడు అడగకు. మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు కొంచెం అలవాటైంది.

నవంబరు తొలివారంలో రక్తం తీయించడం మరిచిపోకు. వీసా ఫైలు కూడా మొదలుపెట్టాలి. ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్సు కాగితం నేను పంపుతాను. మిగతావి అక్కడ ఎవరైనా ఏజెంటుని అడుగు.

నెహ్రూ నగర్ ఇంటావిడకి అడ్వాన్సు ఇచ్చేశావా? ఆ ఇల్లు పోనీకు. నీకు ఇక ప్రశాంతంగా ఉండాలి.

భాగ్య


రిసాలి
22 డిసెంబరు 2024

భాగ్యకి,

ముందు శుభవార్త. పండు పాసయ్యాడు. రక్తం నవంబరు ఎనిమిదిన తీశారు, ఫలితం మొన్న వచ్చింది. రక్తంలో టీకా బలం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువే ఉందట. డాక్టరు గారు "ఫస్ట్ క్లాస్" అన్నారు. ఇంట్లో ఫస్ట్ క్లాసులో పాసైనవాడు వాడొక్కడే. మీ అన్నయ్య ఐటీఐ మార్కుల సంగతి నీకు తెలిసిందే.

నువ్వు ఆదివారాలు ఎక్కడికో వెళ్తున్నానని రాశావు. నేను చిన్నపిల్లని కాను. ఎవరైనా ఉంటే చెప్పీ. యాభై రెండేళ్ళొస్తే ఏటి, మనిషికి తోడు అక్కర్లేదా? మీ అన్నయ్య ఉంటే నీకంటే ముందు ఆయనే స్వీట్లు పంచేవారు. ఈ లెక్కన పండు వచ్చాక మీరు ముగ్గురు అవుతారు. ఆయనకి కుక్కలంటే ఇష్టమో కాదో కనుక్కో, ముఖ్యం.

విమానం బోను వచ్చింది. పండు దాని ముఖం చూడలేదు. రొట్టె పెట్టాను, బెల్లం పెట్టాను, రాలేదు. ఆఖరికి సేఫ్టీ బూటు ఒకటి లోపల పెట్టాను. వెళ్ళి దాని మీద తల పెట్టి పడుకున్నాడు. నేను తలుపు వేశాను. బూటు ఉంది కాబట్టి వాడు ఏమీ అనలేదు. నన్నే చూస్తూ ఉన్నాడు. ఐదు నిమిషాలకే తీసేశాను. రోజూ కొంచెం కొంచెం పెంచాలట, ఇవాళ కూడా ఐదే అయ్యాయి.

ఏజెంటు ఉదయ్‌కుమార్ అని ఒకతను ఉన్నాడు, కుర్రాడు గానీ మర్యాదస్తుడు. ఫైలు పట్టుకుని వెళ్తున్నాను.

వదిన


లైప్‌జిగ్
5 జనవరి 2025

వదినా,

ఆదివారాల సంగతి నువ్వు అనుకున్నది కాదు. చదివి పక్కింటికి వినపడేలా నవ్వాను. కానీ ఇంకా చెప్పను.

ఆహ్వాన పత్రం కొరియరులో పంపాను. నువ్వు వచ్చే గది సిద్ధం చేశాను. పండుకి వంటింటి పక్కన చోటు చూశాను. రాత్రిపూట గది తలుపు వేసుకుంటే వాడు ఏడుస్తాడా? తలుపు గోకుతాడా? మనిషి మీదికి ఎగురుతాడా? వాడి అలవాట్లన్నీ వివరంగా రాయి, పళ్ళ సంగతితో సహా.

ముంబైలో వీసాకి వేలిముద్రలు ఇవ్వడానికి ఒక్కదానివీ వెళ్ళకు, నీలిమని తోడు తీసుకెళ్ళు.

నీ ఉత్తరాల్లో ఈ మధ్య విసుగు తగ్గింది. భారం దిగుతోందని నీకూ తెలుస్తోంది అనుకుంటాను. నాకు అదే చాలు.

భాగ్య


రిసాలి
16 ఫిబ్రవరి 2025

భాగ్యా,

వీసా ఇవ్వలేదు. పాస్‌పోర్టుతోపాటు ఒక కాగితం వచ్చింది. అందులో ఒక గడిలో గుర్తు పెట్టారు. గడువు లోపల నేను తిరిగి వస్తానని వాళ్ళకి నమ్మకం కుదరలేదట.

నాకు కోపం రాలేదు. కారణం చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఫైలు పెట్టేటప్పుడు ఉదయ్‌కుమార్ నన్ను కూచోబెట్టి ఒక్కొక్కటే అడిగాడు. "మాతాజీ, మీ పేరున ఇల్లుందా?" లేదు బాబూ, క్వార్టరు, అదీ మార్చి దాకానే. "ఉద్యోగం?" లేదు. "భర్త?" లేరు. "పిల్లలు?" లేరు. అతను పెన్ను పక్కన పెట్టి, "మరి మీరు వెనక్కి రావడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఏదో ఒకటి చెప్పండి, రాస్తాను" అన్నాడు. నేను తిరిగి రావడానికి ఈ ఊళ్ళో ఒకే ఒక్క కారణం ఉంది. ఆ కారణాన్నే బోనులో పెట్టి నీ దగ్గర దింపడానికి వీసా అడుగుతున్నాను. ఆ పెద్దమనుషులెవరో నా ముఖం చూడకుండానే నిజం పట్టేశారు.

ఇంకొకటి. మొన్న డాక్టర్ శ్యామసుందర్ గారు ఆఖరి కాగితాలు చూస్తూ, "అమ్మా, యజమాని పేరు గురునాథరావు గారిది ఉంది, ప్రయాణం చేసేది మీరు. ఇది చెల్లదు" అన్నారు. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పోయిన మనిషి పేరున చిప్పు పెట్టించాను భాగ్యా. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రికి వెళ్ళినా, గ్యాసుకి వెళ్ళినా ఆయన పేరూ ఆయన నంబరూ చెబితేనే పని జరిగింది. నా ఒంట్లో జ్వరం కూడా ఆయన నంబరు మీదే రాసేవారు. చెయ్యి దానంతట అదే రాసేసింది. ఆరోజే డాక్టరు గారు గమనించారట, నా ముఖం చూసి అడగలేకపోయారట.

మార్చడం పెద్ద పని కాదట. మరణ ధ్రువపత్రం పెట్టి, నోటరీ దగ్గర రెండు కాగితాలు సంతకం చేయాలి. మొదటిది, 'ఈ కుక్క నాది' అని. రెండోది, 'దీన్ని నా ఆడపడుచుకి ఇస్తున్నాను' అని. మొదటి దాని మీద సంతకం చేశాను. ఈ వయసుకి ఏదైనా నాది అని ఒక కాగితం మీద చెప్పడం నాకు అదే మొదలు. రెండో కాగితం మీద చెయ్యి ఆడలేదు. నోటరీ తొందరపెడుతూ "జల్దీ కీజియే" అంటున్నాడు. సంతకం లేకుండానే దాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాను.

విసిగిపోయాను అని రాశాను కదా. మీ అన్నయ్య మీద కూడా రోజూ విసుక్కునేదాన్ని. అది నా మాట తీరు, నీకు తెలియంది కాదు. మధ్యాహ్నం రెండుంపావుకి పండు గేటు దగ్గరికి వెళ్తే ఇప్పుడు నేనూ వెళ్ళి పక్కన పీట వేసుకుని కూచుంటున్నాను. ఇద్దరం మూడయ్యేదాకా ఉండి లోపలికి వస్తాం. ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు.

నువ్వు ఇల్లు మారావు, గది సర్దావు, ఎంతో ఆశపడ్డావు. నీ అన్నయ్య గుర్తు నీకు ఇవ్వలేని దాన్ని అయ్యాను. నన్ను తిట్టు, పడతాను. కానీ పండుని ఇవ్వలేను.

సీతాలక్ష్మి


లైప్‌జిగ్
23 ఫిబ్రవరి 2025

వదినా,

నిన్ను తిట్టాల్సిందే. ఆరు నెలల కిందటే ఈ మాట రాయకపోయినందుకు. తర్వాత నన్నూ తిట్టు, ఎందుకంటే నేనూ అబద్ధం ఆడాను.

నాకు కుక్కలంటే చచ్చేంత భయం. ఎనిమిదేళ్ళప్పుడు మా ఊళ్ళో కుక్క కరిచి పిక్క కండ ఊడింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. పద్నాలుగు రోజులూ అన్నయ్యే నన్ను వీపు మీద మోసుకుని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. దారిలో కుక్క కనబడితే, "కళ్ళు మూసుకోవే గుంటా, నేను దాటించీస్తాను" అనేవాడు. నీ పెళ్ళికి ముందు సంగతి ఇది. మూడేళ్ళ కిందట మీ ఇంట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూచున్నది చలికి కాదు. పండుకి భయపడి. అన్నయ్యకి తెలుసు, నీకు చెప్పొద్దని బతిమాలాను, నువ్వు ఏడిపిస్తావని.

నువ్వు విసిగిపోయానని రాయగానే, నీకు ఆ భారం తప్పించాలనుకున్నాను. నువ్వేమో నా కోసం ఇవ్వబోయావు. ఆదివారాలు నేను వెళ్తున్నది దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటికి. మొదటి ఆదివారం గేటు బయటే నిలబడి వచ్చేశాను. రెండో ఆదివారం లోపలికి వెళ్ళి బెంచీ ఎక్కాను. డిసెంబరులో ఒక ముసలి ఆడకుక్క నా బూటు మీద తల పెట్టి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని గంటసేపు అలాగే ఉన్నాను, కళ్ళు మూసుకోకుండా. అన్నయ్య చూస్తే నమ్మేవాడు కాదు. ఇప్పుడు దాన్ని నేనే నడిపిస్తున్నాను, అది నన్ను నడిపిస్తోందని అక్కడివాళ్ళు అంటారు.

పండు నీవాడు. ఆ రెండో కాగితం చింపెయ్. నెహ్రూ నగర్ ఇల్లు కూడా వద్దని చెప్పు, వాడికి చోటు లేని ఇంట్లో నువ్వు ఒక్కదానివీ ఎలా ఉంటావు?

నీకు వీసా ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. నాది ఇంకా మన పాస్‌పోర్టే, నా ఊరికి రావడానికి నన్ను కారణం అడిగేవాళ్ళు లేరు. సెలవు పెట్టాను. ఏప్రిల్ పన్నెండున రాయపూర్‌లో దిగుతాను. పండుతో ఒక్క మాట ముందే చెప్పి ఉంచు.

నీ భాగ్య


రిసాలి
9 మార్చి 2025

భాగ్యకి, వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నీలిమని అడుగు, అదే చూసింది. "క్యా హువా ఆంటీ?" అంటే, మా ఆడపడుచు ఆర్నెల్లు కుక్కలబడిలో చదివిందని చెప్పాను. గుంట నమ్మలేదు.

ఇల్లు దొరికింది. రిసాలిలోనే, రెండు వీధుల అవతల. కింది వాటా, ముందు చిన్న గేటు ఉంది. ఇంటాయన ప్లాంటులో పని చేసి రిటైరైనవాడు. కుక్క ఉందని ముందే చెప్పాను. "ఎవరి కుక్క?" అన్నాడు. "నాదే" అన్నాను. చెప్పడం ఇప్పుడు అలవాటైంది. చిప్పులోనూ పుస్తకంలోనూ పేరు మార్చారు. పర్సనల్ నంబరు వేయలేదు, ఆ గడి ఖాళీగా ఉంచాను. బోనులో ఛాయ దీదీ కొత్తిమీర నారు పోసుకుంటానంటే ఇచ్చేశాను.

నువ్వు మా ఇంట్లోకి రావడానికి నియమాలు రాస్తున్నాను, అక్కడివాళ్ళ కంటే మేమేం తక్కువ తినలేదు. మధ్యాహ్నం రెండుంపావు దాటాక రా, ఆ వేళ మేమిద్దరం గేటు దగ్గరే ఉంటాం. పరిగెత్తకు. చేతులు పైకెత్తకు. వాడు మొరుగుతాడు, మొరగనీ. దగ్గరికొచ్చి వాసన చూస్తాడు, అంతవరకూ కదలకుండా నిలబడు. కళ్ళు కావాలంటే మూసుకో, నేను దాటించీస్తాను.

ఈ ఉత్తరం ఫొటో తీయించలేదు, పోస్టులో పంపుతున్నాను. లోపల ఒక గుడ్డముక్క ఉంది చూడు. మీ అన్నయ్య చలికోటుతో పండుకి కుట్టిన కోటు ఇక అక్కర్లేదు కదా, దానిలో ఛాతీ దగ్గరి ముక్క. ఐదు నెలలుగా వాడు దాని మీదే పడుకుంటున్నాడు. మీ అన్నయ్య వాసన ఇప్పుడు నాకు తెలియడం లేదు గానీ వాడికి తెలుస్తోంది. అది నీ దిండు కింద పెట్టుకుని పడుకో, వచ్చేటప్పుడు జేబులో పెట్టుకుని రా. వాడు నిన్ను ఇంకే కాగితమూ అడగడు.

దాన్ని మాత్రం ఉతక్కు.

మీ వదిన,
సీతాలక్ష్మి